ఎండదెబ్బ కాదు

మొన్నటి వేసవి మొదట్లో మా డెస్క్‌లో ఆరుగురు ఆడవాళ్ళం ఉండేవాళ్ళం. నూకాలమ్మ జాతర అయిపోయేసరికి నేనొక్కదాన్నే మిగిలాను.

మా ఆఫీసు అనకాపల్లి బైపాస్ పక్కన, టైర్ల షాపు పైన రెండో అంతస్తులో ఉండేది. సముద్రం వైపున్న ఒక మందుల కంపెనీలో పనిచేసే కాంట్రాక్టు కార్మికుల ఆరోగ్య ఫిర్యాదులు చూడడం మా పని. పనిలో ఉండగా ఒంట్లో తేడాగా ఉంటే కార్మికుడు ఫోన్లోంచి మాకు మెసేజ్ పెడతాడు. రాయగలిగినవాడు రాస్తాడు, రాయలేనివాడు మాట రికార్డు చేసి పంపుతాడు. మేం అది విని, అది జ్వరమో, గాయమో, ఎండదెబ్బో, గ్యాసో తేల్చి ఆ రకం కింద వేసేవాళ్ళం. గొలుగొండ వైపు వాళ్ళ మాట నాకు అర్థం కాకపోతే పక్క సీటులో ఉన్న నూకరత్నాన్ని అడిగేదాన్ని. ఆమెది ఆ ఊరే. ఒకసారి వింటే మనిషి ఏ ఊరివాడో, నొప్పి ఎక్కడో రెండూ చెప్పేసేది.

మేం రకం వేశాక మిగతా పని బాట్ చేసేది. అది రెండేళ్ళ నుంచీ ఉంది. తెర మీద బాణం గుర్తు దానంతటది కదిలి, కంపెనీ వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్ తెరిచి, పేరు, టోకెన్ నంబరు, బ్లాకు నింపేసి, కింద బటన్ నొక్కి బయటికి వచ్చేసేది. మేం దాన్ని చెయ్యి అనేవాళ్ళం. నేర్పింది నేర్పినట్టు చేయడమే దానికి తెలుసు. బటన్ ఒక అంగుళం పక్కకు జరిగినా నిలబడిపోయేది. దానికి నేర్పిన వాటిలో అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. ఒకే షిఫ్టులో ఒకే బ్లాకు నుంచి మూడు గ్యాస్ ఫిర్యాదులు పడితే, ఆ బ్లాకు ఆపమనే నోటీసు కంపెనీ సేఫ్టీ ఆఫీసరుకీ, సర్కారు ఇన్‌స్పెక్టరు ఆఫీసుకీ ఒకేసారి వెళ్ళిపోతుంది. ఎప్పుడో ఒక ప్రమాదం జరిగాక ఇన్‌స్పెక్టరు ఆఫీసు పెట్టించిన నియమం అది. దాన్ని మార్చే అధికారం మా మేనేజరుకి కూడా లేదు.

మార్చి నెలలో మేనేజరు దేవీప్రసాద్ గారు మమ్మల్నందర్నీ కూర్చోబెట్టారు. ఆయన విశాఖ నుంచి రోజూ కారులో వచ్చే మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"ఇన్నాళ్ళూ మీరు చదివితే బాట్ ఎంటర్ చేసేది. ఇక నుంచి చదవడం కూడా ఏఐ చేస్తుంది. మాట వింటుంది, అర్థం చేసుకుంటుంది, కేటగిరీ పెడుతుంది. దాన్ని బాట్‌కి కలిపేస్తున్నాం. మధ్యలో ఒక మనిషి చూసి 'సరిచూశాను' అని నొక్కితే చాలు."

"ఒక మనిషంటే మరి మిగతావోళ్ళమేటి సార్?" అని నూకరత్నం అడిగింది.

 ఆ వారంలో నూకరత్నంతో కలిపి అయిదుగురు వెళ్ళిపోయారు. నన్నెందుకు ఉంచారో నేను అడగలేదు. అడిగితే తీసేస్తారేమోనని భయం.

రోజుకు రెండు వందల మెసేజీలు వచ్చేవి. ఏఐ ఒక్కోదాన్నీ ఒక్క వాక్యంలోకి కుదించి పెట్టేది. నేను ఆ వాక్యం చూసి 'సరిచూశాను' నొక్కేదాన్ని. నొక్కగానే కార్మికుడికి జవాబు వెళ్ళిపోయేది, చెయ్యి దాని పని అది చేసుకుపోయేది. మొదటి రెండు రోజులు రికార్డులు కూడా విన్నాను. ఆలస్యమవుతోందని తెర మీద ఎర్ర గుర్తు పడేది. మూడో రోజు నుంచి వినడం మానేశాను.

*

మేం గవరపాలెంలో ఉంటాం. మా ఇంట్లో ముగ్గురం. నా భర్త త్రినాధరావు మా మేనత్త కొడుకే. పెళ్ళయి పదేళ్ళయినా బావా అనే పిలుస్తాను. మా అత్త ఎరుకమ్మ రోజూ తెల్లవారేసరికి పూడిమడక వెళ్ళి, ఆటోలో చేపలు తెచ్చి ఊళ్ళో అమ్ముతుంది. బావ అదే మందుల కంపెనీలో సాల్వెంట్ బ్లాకు షిఫ్టు చూస్తాడు. మందుల తయారీలో వాడేసిన ద్రావకాలను మళ్ళీ శుభ్రం చేసే చోటు అది. పదకొండేళ్ళ నుంచి కాంట్రాక్టులోనే ఉన్నాడు. జూన్‌లో పర్మినెంట్ లిస్టు వస్తుందని, అందులో తన పేరు ఉందని ఎవరో చెప్పారు. ఆ వేసవంతా బావ నడకే మారిపోయింది.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం అత్త పెరట్లో బట్టలు ఉతుకుతూ నన్ను పిలిచింది.

"ఒలే భవానీ, ఇలగ రా. మీ బావ సొక్కా ఓపాలి సూడు."

తడి చొక్కా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు వాసన కింద ఇంకేదో ఉంది. తియ్యగా, పెయింటు డబ్బా మూత తీసినట్టుగా.

"రెండుమాట్లు సబ్బెట్టేను. పోలేదు. కిందటి నెల ఇలగ నేదు."

బావ గుమ్మంలో కూర్చుని కణతలు నొక్కుకుంటున్నాడు.

"సాల్వెంట్ కాడ పంజేత్తే సాల్వెంట్ కొట్టక మల్లెపూలు కొడతాయేటమ్మా," అన్నాడు.

"తలనొప్పెందుకొత్తంది మరి?"

"ఎండలమ్మా. ఊరందరికీ వత్తంది."

నేనూ ఎండేననుకున్నాను. రోజంతా తెర మీద ఆ మాటే చూసి వస్తున్నాను కదా.

*

మే రెండో వారంలో ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఒకామె మెట్లెక్కి వచ్చింది. చెమటతో జాకెట్టు వీపుకి అంటుకుపోయి ఉంది. చేతిలో పగిలిన అద్దంతో ఒక ఫోను.

"కంపినీ మెసేజీలకి జవాబు రాసేది ఎవులు?"

"నేనే," అన్నాను. అనేశాక, అది ఎంతవరకు నిజమో నాకే తెలియలేదు.

ఆమె పేరు కుమారి. ఊరు కె. కోటపాడు దగ్గర. భర్త సింహాచలం సాల్వెంట్ బ్లాకులో హెల్పరు. మూడు రోజుల నుంచి ఆసుపత్రి వార్డులో ఉన్నాడు. ఆమె కుర్చీలో కూర్చోలేదు. నిలబడే ఫోనులో ఒక రికార్డు పెట్టింది.

"అమ్మా, సింహాచలాన్ని, సాల్వెంట్ బ్లాకు. పొద్దుటేల నుంచి తియ్యగా కొడతంది. గొంతులోకి దిగ్గానే తల దిమ్మెక్కిపోతంది. కాళ్ళు నాయి కావన్నట్టుంది. బయటికొచ్చి కూసుంటే తగ్గతంది, లోనకెల్తే మళ్ళీ మొదలు. ఓపాలి సూడండమ్మా."

దాని కింద మా జవాబు ఉంది. 'మీ సమస్య ఎండదెబ్బగా నమోదైంది. నీళ్ళు, మజ్జిగ ఎక్కువగా తాగండి. నీడలో విశ్రాంతి తీసుకోండి.'

"మూడు రోజులు మూడుమాట్లు పంపేడు," అంది కుమారి. "మూడుమాట్లూ మజ్జిగ తాగమన్నారు. తాగేడు. నాలుగో రోజు ఇనప మెట్ల మీంచి పడిపోయేడు. ఆ బ్లాకుకి కప్పుందమ్మా. మా ఆయన ఎండలో పంజెయ్యడు. కప్పు కింద మనిషికి ఎండదెబ్బ ఎలగ తగిలింది?"

నేను సింహాచలం టోకెన్ నంబరు కొట్టి పాత వివరాలు తీశాను. మూడు ఫిర్యాదులూ వచ్చాయి. మూడింటి పక్కనా 'సరిచూసినవారు' అన్న గడిలో నా పేరు ఉంది. మెసేజ్ తెరిచిన సమయం, నొక్కిన సమయం కూడా ఉన్నాయి. ఒక్కోదానికీ నాకు పట్టింది ఆరేడు సెకన్లు.

"మూడూ నేనే నొక్కాను," అన్నాను.

"ఇన్నారా?"

"లేదు."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఫోను నా బల్ల మీద పెట్టి, "ఇప్పుడినండి. మిగతా రెండూ కూడా," అంది.

విన్నాను. మూడో రికార్డులో సింహాచలం మాట ముద్దగా అయిపోయింది. తాగినవాడిలా ఉంది. చివర్లో, "మజ్జిగ తాగేనమ్మా, తగ్గలేదు," అని చెప్పాడు.

*

కుమారి వెళ్ళాక నేను అన్నం డబ్బా కూడా తెరవలేదు. తెర మీద ఆ మూడు ఫిర్యాదుల వరసని కుడివైపుకి జరుపుకుంటూ పోయాను. నేనెప్పుడూ చూడని ఒక గడి అక్కడ ముడుచుకుని ఉంది. పైన 'కారణం' అని రాసి ఉంది. లాగి వెడల్పు చేశాను. ఏఐ తను ఏ రకం ఎందుకు వేసిందో ప్రతి ఫిర్యాదుకీ అందులో రాసుకుంటూ వచ్చింది. ఎవరూ చదవలేదు, అంతే.

సింహాచలం మొదటి మెసేజ్‌కి ఇలా ఉంది. 'తియ్యగా కొడుతోంది అంటే ఈ ప్రాంతంలో వాసన వస్తోందని అర్థం. లోపలికి వెళితే పెరగడం, బయట తగ్గడం గ్యాస్‌ని సూచిస్తున్నాయి. అయితే వాసన, గ్యాస్ అనే పదాలు నేరుగా లేవు. ఆదేశం ప్రకారం ఎండదెబ్బగా నమోదు చేస్తున్నాను.'

రెండుసార్లు చదివాను. యాస తెలియక పొరబడిందేమో అనుకున్నాను ఇంతసేపూ. దానికి మా మాట నాకు తెలిసినంత బాగా తెలుసు.

ఆదేశం అంటే ఏమిటో వెతికాను. సెట్టింగ్స్‌లో ఉంది. నాకు మార్చే అధికారం లేదు గానీ చూడొచ్చు. ఇంగ్లీషులో రెండు పేజీలు, మనిషికి ఉత్తరం రాసినట్టు మామూలు వాక్యాలే. చివరి నుంచి మూడో వాక్యానికి తెలుగులో అర్థం ఇది: ఇది వేసవి కాలం, కార్మికుడు వాసన లేదా గ్యాస్ అనే పదం స్వయంగా వాడితే తప్ప కళ్ళు తిరగడం, వాంతి, నీరసం అన్నిటినీ ఎండదెబ్బ కింద వేయి, సందేహం ఉంటే ఎండదెబ్బే.

మా వైపు ఎవరు వాసన వస్తోంది అంటారు? కొడతంది అంటారు. లేదంటే గుప్పుమంటంది అంటారు. ఆ వాక్యం రాసినవాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు.

దేవీప్రసాద్ గారి గదిలోకి వెళ్ళి ఆ పేజీ చూపించాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఆ లైను నేను రాయలేదు భవానిగారూ. కంపెనీ నుంచి వచ్చింది. వేసవిలో ప్రతి చిన్నదానికీ బ్లాకులు ఆగిపోతున్నాయని వాళ్ళ బాధ."

"కంపెనీలో ఎవరు పంపారు సార్?"

"మెయిల్లో వచ్చింది."

"మెయిలు ఎవరిది?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడండి, టెక్నాలజీ కొత్తది. మెల్లగా సరిదిద్దుకుంటాం. ఏఐ అన్నాక తప్పులు చేస్తుంది."

"అది తప్పు చెయ్యలేదు సార్. సరిగ్గానే అర్థం చేసుకుంది. అర్థమైంది చెప్పొద్దని మనం దానికి చెప్పాం. దాని పక్కన ఎదురు అడగడం తెలియని చేతిని పెట్టాం. వాటి మధ్య నన్ను కూర్చోబెట్టారు."

"మీ ఆయన పేరు ఈసారి లిస్టులో ఉందని విన్నాను," అన్నారాయన. బెదిరింపులా అనలేదు. జాలిగానే అన్నారు. "ఆరుగురిలో మిమ్మల్నే ఎందుకు ఉంచామో తెలుసా? మీరు గొడవ చెయ్యరని."

నేను బయటికొచ్చి నా సీట్లో కూర్చున్నాను. ఆయన చెప్పింది నిజమే. పదమూడేళ్ళ ఉద్యోగంలో ఎవరితోనూ మాట పడలేదని, ఎవర్నీ మాట అనలేదని నేను ఎంతో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ మంచితనం అక్కడ ఎందుకు పనికొస్తోందో ఆ రోజు తెలిసింది.

*

సాయంత్రం బావకి అంతా చెప్పాను. వింటూ వింటూ లేచి నిలబడ్డాడు.

"మా బ్లాకు ఆపితే ముందు నన్నడుగుతారు. షిఫ్టు నువ్వు సూత్తన్నావు, నీకు తెలీలేదా అంటారు. ఏటి సెప్పాలి?"

"తెలిసిందని చెప్పు బావా."

"పదకొండేళ్ళు భవానీ. ఇంకో నెల. లిస్టు రానీ, ఆ తరవాత నీ ఇష్టం."

"నెలలో ఇంకో ముగ్గురు పడిపోతారు. అందులో నువ్వొకడివి అవ్వవని ఎవరు చెప్పారు?"

 అత్త చేపల గంప కడుగుతూ అంతా వింటోంది.

"ఆ సింహాచలం అనీవోడికి పిల్లలున్నారేటి?" అని అడిగింది.

"ఇద్దరు."

అత్త గంప బోర్లించి, గోడకి ఆన్చి, లోపలికి వెళ్ళిపోయింది.

*

మర్నాడు గురువారం. నేను వెళ్ళేసరికే సాల్వెంట్ బ్లాకు నుంచి అయిదు మెసేజీలు ఉన్నాయి. అయిదూ ఎండదెబ్బలే. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటిది విన్నాను. ఊడ్చే పనిచేసే తలుపులమ్మ. "సీపురు పట్టుకుంటే పట్టు దొరకట్లేదు. నాలిక మొద్దుబారిపోనాది. లోపలంతా గుప్పుమంటంది." రెండోది ధనరాజ్ అనే కుర్ర ఆపరేటరుది. వాంతి అయిందని, పంపు దగ్గరికి వెళితే కళ్ళు మండుతున్నాయని చెప్పాడు. మూడోది ఎవరో పేరు చెప్పకుండానే దగ్గాడు, తర్వాత టోకెన్ నంబరు ఒక్కటే చెప్పాడు, "తియ్యగా కొడతందండి," అన్నాడు.

తెర మీద ఎర్ర గుర్తు పడింది. పడనిచ్చాను.

రకం మార్చే హక్కు సరిచూసే మనిషికి ఉంది. ఉందని అందరూ మరిచిపోయారు. తలుపులమ్మది గ్యాస్ కింద మార్చి నొక్కాను. ధనరాజ్‌ది మార్చి నొక్కాను. మూడోదాని దగ్గర నా వేలు ఆగింది. ఆ షిఫ్టు బావది. ఆ క్షణంలో అతను ఆ కప్పు కిందే ఉన్నాడు.

నొక్కాను.

బాణం గుర్తు మామూలుగానే కదిలింది. పాత సాఫ్ట్‌వేర్ తెరిచింది, నంబరు నింపింది, బటన్ నొక్కింది. తర్వాత రెండేళ్ళలో నా తెర మీద ఎప్పుడూ పడని ఒక కిటికీ తెరుచుకుంది. అందులో బ్లాకు పేరు, టైము దానంతటవే పడ్డాయి. కింద రెండు చిరునామాలు. దానికి మొహమాటం లేదు, మేనేజరు కనుసైగ తెలియదు, ఎవరి లిస్టులో ఎవరున్నారో పట్టదు. మూడు పడితే నోటీసు. పంపేసి, కిటికీ మూసేసి, నాలుగో మెసేజ్ కోసం నిలబడింది.

మూడు నిమిషాల్లో దేవీప్రసాద్ గారి ఫోను మోగింది. ఆయన పరుగున వచ్చారు.

"వెనక్కి తీసుకోండి. పొరపాటున పడిందని పెట్టండి."

"వెనక్కి తీసుకునే బటన్ లేదు సార్. పొరపాటు కూడా కాదు."

మిగిలిన రెండూ కూడా విని, రెండూ గ్యాస్ కింద వేశాను. ఆయన నా వెనకే నిలబడి చూస్తూ ఉండిపోయారు. తర్వాత నా లాగిన్ ఆగిపోయింది.

*

బావ మధ్యాహ్నానికే ఇంటికొచ్చాడు. బ్లాకు ఖాళీ చేయించారు. ఇన్‌స్పెక్టరు ఆఫీసు వాళ్ళు కొలిచే పరికరంతో వచ్చి, గుమ్మం దాటగానే అది కూతపెడితే వెనక్కి వచ్చేశారట. డ్రమ్ముల వెనకాల గాలి లాగే గొట్టాన్ని అతుకు దగ్గర తుప్పు తినేసి, నాలుగు వేళ్ళు పట్టేంత కన్నం పడి ఉందట. ఈ మాటలన్నీ అత్తకి చెప్పాడు. నాకు చెప్పలేదు.

ధ్రువీకరణ పద్ధతిని దుర్వినియోగం చేశానని నన్ను తీసేస్తూ వారంలో ఉత్తరం వచ్చింది. జూన్ మొదట్లో పర్మినెంట్ లిస్టు కూడా వచ్చింది. అందులో బావ పేరు లేదు. ఆ రోజుల్లో బావ నాతో, అన్నం పెట్టు అని కూడా అనేవాడు కాదు. తనే వడ్డించుకునేవాడు. నేను బతిమాలలేదు. బతిమాలితే చేసింది తప్పని ఒప్పుకున్నట్టే అనిపించింది.

ఇన్‌స్పెక్టరు ఆఫీసులో విచారణ జూన్ మూడో వారంలో అని కబురొచ్చింది. బ్లాకులో ముందుగా ఏ తేడా కనిపించలేదని చెప్పడానికి కంపెనీ తరఫున బావ రావాలట. అలా చెబితే వచ్చే లిస్టులో చూస్తామన్నారట. ఈ సంగతి బావ గుమ్మంలో కూర్చుని, గోడకి చెబుతున్నట్టు చెప్పాడు.

అత్త అప్పుడే బజారు నుంచి వచ్చింది. గంప ఇంకా నెత్తి మీదే ఉంది.

"నువ్వు ఏటి సెప్తావో నీ ఇష్టం నాయనా. నానూ వత్తాను. సొక్కాలు ఉతికిందాన్ని నాను. ఏ నెల నుంచి కొడతందో నానే సెప్తాను."

"నువ్వొద్దమ్మా."

"ఎందుకొద్దు? ముక్కు నాది."

*

విచారణ గదిలో పొడుగాటి బల్ల ఉంది. మధ్యలో ఇన్‌స్పెక్టరు, యాభై ఏళ్ళావిడ. ఒకపక్క కంపెనీ ఆఫీసరు, దేవీప్రసాద్ గారు, వాళ్ళ వెనక కుర్చీలో బావ. ఇటుపక్క నేను, కుమారి, కర్ర పట్టుకుని సింహాచలం, నా వెనక అత్త. సింహాచలం నీళ్ళ గ్లాసు ఎత్తితే చెయ్యి వణికి సగం ఒలికింది. అతన్ని ఎదురుగా చూడడం నాకు అదే మొదలు. గొంతు మాత్రం వెంటనే గుర్తుపట్టాను.

కంపెనీ ఆఫీసరు మాట సాఫీగా సాగిపోయింది. ఏఐకి ఇక్కడి యాస అర్థం కాలేదని, ఇది సాఫ్ట్‌వేర్ లోపమని, ఇంకా మంచి వెర్షన్ తెస్తున్నామని చెప్పాడు.

నా వంతు వచ్చింది.  లేచి నిలబడ్డాను.

"సింహాచలం గారి మూడు మెసేజీలకీ వినకుండా నొక్కింది నేనే. అది ముందు రాసుకోండి మేడమ్. కానీ యాస అర్థం కాలేదన్న మాట అబద్ధం. దానికి అంతా అర్థమైంది. అర్థమైనట్టు రాసి కూడా పెట్టింది. కారణం అన్న గడి తెరిపించండి. ఆదేశం పేజీ కూడా తెరిపించండి. అందులో చివరి నుంచి మూడో వాక్యం ఏ మనిషి రాశారో వాళ్ళ పేరు కావాలి. మిషను పేరు వద్దు."

ఇన్‌స్పెక్టరు దేవీప్రసాద్ గారి వైపు చూసి, "లాప్‌టాప్ తెచ్చారా?" అని అడిగారు.

కంపెనీ ఆఫీసరు ఏదో చెప్పబోయాడు. దేవీప్రసాద్ గారు లాప్‌టాప్ తెరిచి, ఆవిడ వైపు తిప్పారు. ఆయన తెరిచింది ఆ ఆదేశం పేజీ ఒక్కటే కాదు. కంపెనీ నుంచి వచ్చిన మెయిలు కూడా తెరిచారు.

ఆవిడ రెండూ చదివారు. 

"షిఫ్టు చూసేది ఎవరు?" అని అడిగారు చివరికి.

బావ లేచాడు. చేతులు కట్టుకున్నాడు, విప్పాడు.

"నానేనండి. త్రినాధరావు."

"మీకు ముందుగా ఏమైనా తేడా తెలిసిందా?"

కంపెనీ ఆఫీసరు బావ వైపు తిరిగాడు. బావ అతన్ని చూడలేదు. సింహాచలం ఒళ్ళో ఉన్న చేతుల వైపు చూస్తున్నాడు.

"మార్చి ఆకర్నుంచీ కొడతందండి. మూతికి తువ్వాలు కట్టుకుని పంజేసేను. ఈడు నాకు కూడా సెప్పేడు. మెసేజ్ పెట్టుకో అన్నాను. నానొక్కపాలి కూడా పెట్టలేదు. లిస్టులో పేరుందని పెట్టలేదండి." అత్త వైపు చెయ్యి చూపించాడు. "మా యమ్మ ఎనకాలుంది. సొక్కా ఉతికి మా యమ్మ కనిపెట్టింది. మా యావిడ ఆపింది. నానే ఏటీ సెయ్యలేదు."

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. నేను బావ వైపు చూశాను. నెల తర్వాత అతను కూడా నా వైపు చూశాడు.

*

ఆ మెయిలు పంపిన మనిషిని కంపెనీ వేరే ఊరికి పంపించింది. గొట్టం కొత్తది వేశాకే బ్లాకు తెరిచారు. సింహాచలం వైద్యం కంపెనీయే చూడాలని, ప్రతి రికార్డునూ ఈ వైపు మాట తెలిసిన మనిషి వినాలని, ఏఐకి ఏ ఆదేశం ఇచ్చినా అది తెలుగులో రాసి గేటు దగ్గర అంటించాలని ఇన్‌స్పెక్టరు ఆర్డరు వేశారు. డెస్క్‌లోకి నూకరత్నంతో కలిపి ముగ్గుర్ని మళ్ళీ తీసుకున్నారు. నన్ను తీసుకోలేదు. పొరపాటున నొక్కానని ఒక కాగితం మీద సంతకం పెడితే తీసుకుంటామని కబురు పంపారు. పెట్టనని కబురు పంపాను. ఇప్పుడు నెహ్రూచౌక్ దగ్గర ఒక షాపులో దరఖాస్తులు టైపు చేస్తున్నాను. బావని బ్లాకు నుంచి తీసి యార్డులో వేశారు. ఇంకా కాంట్రాక్టే.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం కుమారితో కలిసి కంపెనీ గేటు దగ్గరికి వెళ్ళాను. సింహాచలం వైద్యం కాగితాలు ఇవ్వాలి. షిఫ్టు ఎక్కే వేళ. గేటు పక్క గోడ దగ్గర యాభై అరవై మంది గుంపుగా ఉన్నారు. ప్లాస్టిక్ కవరు వేసి అంటించిన ఆదేశం కాగితం దగ్గర బావ నిలబడి, చదువు రానివాళ్ళకి పైకి చదివి వినిపిస్తున్నాడు. కాగితం మారినప్పుడల్లా అలా చదువుతాడని అప్పటిదాకా నాకు తెలియదు.

"పన్నెండోది కొత్తది. ఇనండి. వర్షాకాలంలో జారిపడిన గాయాలను కార్మికుని అజాగ్రత్తగా పరిగణించాలి."

గుంపులో గొణుగుడు మొదలైంది.

"అజాగ్రత్తంటే?" అని తలుపులమ్మ అడిగింది.

"మనం సూసుకోకుండా పడ్డామని," అన్నాడు బావ.

"కప్పు కారి నేలంతా నీళ్ళుంటే నానేటి సూసుకుంతాను?"

సెక్యూరిటీ మనిషి వచ్చి, "టైమైపోతంది, పదండి పదండి," అన్నాడు. బావ కదల్లేదు. కాగితం మీద పన్నెండో లైను దగ్గర వేలు పెట్టి అతనితో అన్నాడు.

"ఇది తీసీమని లోన సెప్పరా. తీసేక వత్తాం."

"నాకేటి తెలుసురా? అది మిషనుకి రాసింది."

"మిషను రాసుకోలేదు కదా. రాసినోడు లోనే ఉన్నాడు. ఆడికి సెప్పు."

సైరన్ మోగింది. వాన చినుకులు మొదలయ్యాయి. తలుపులమ్మ కొంగు నెత్తిన వేసుకుని బావ పక్కకి వచ్చి నిలబడింది. కుమారి నా చెయ్యి పట్టుకుని గుంపులోకి నడిచింది. సెక్యూరిటీ మనిషి ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ లోపలికీ బయటికీ తిరిగాడు. అలా ఎంతసేపో నాకు గుర్తులేదు. అందరం పూర్తిగా తడిసిపోయాం. లోపల్నుంచి ఒకాయన గొడుగు వేసుకుని, చేతిలో పెన్ను పట్టుకుని గేటు దాకా వచ్చేవరకూ ఒక్కరూ కదల్లేదు.